బొట్టు కింద మూడు వేలు

గాలి గురించి తనకు తెలిసినంత చిత్తూరు జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఏకాంబరానికి గట్టి నమ్మకం. ఏళ్ల తరబడి మామిడికాయల లారీ తోలిన మనిషి. టైరును కాలితో ఒక్క తన్ను తన్ని, లోపల ఎన్ని పాయింట్ల గాలి ఉందో చెప్పేవాడు. ఆ చెప్పింది నిజమో కాదో మీటరు పెట్టి చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు చెక్కుచెదరకుండా నిలిచిపోయింది.

అంతటి మనిషిని కన్నకూతురు గాలి గదిలో అడుగు పెట్టనివ్వడం లేదు.

గాలి గది అంటే పూతలపట్టు రోడ్డు పక్కన వాళ్ల మామిడితోటలో ఉన్న రేకుల షెడ్డు. కూతురు నవీన తిరుపతిలో హోటలు ఉద్యోగం మానేసి వచ్చి, కాపు తగ్గిన ఆ తోటను పెయింట్‌బాల్ ఆడే చోటుగా మార్చింది. చెట్ల మధ్య పాత టైర్లు, డ్రమ్ములు, ఇసుక మూటలు పేర్చింది. వచ్చినవాళ్లు ముఖానికి ముసుగులు తగిలించుకుని, రెండు జట్లుగా విడిపోయి, రంగు ఉండలు పేల్చే తుపాకులతో ఒకరినొకరు కొట్టుకుంటారు. ఒళ్లంతా రంగు పులుముకుని, పైగా డబ్బులిచ్చి పోతారు. ఇదేం పిచ్చి అని మొదట్లో ఏకాంబరం నెత్తి కొట్టుకున్నాడు. ఆదివారం పూట తోట బయట నిలబడ్డ కార్లను చూశాక ఆ చేతిని నెత్తి మీది నుంచి దించేశాడు.

ఆ తుపాకుల్లో మందు ఉండదు. ఉండను తోసేది గాలే. నీళ్ల సీసా అంత ట్యాంకు ఒకటి తుపాకీ వెనక బిగిస్తారు. దాని నిండా కుక్కి కుక్కి పెట్టిన గాలి. షెడ్డులో ఉన్న పెద్ద కంప్రెషరు నుంచి ఆ ట్యాంకుల్లోకి గాలి ఎక్కించాలి. అదీ నవీన ఒక్కతే చేసే పని. గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు ముసుగులు ఇచ్చి పుచ్చుకునేది ఏకాంబరం పని. టైర్ల మధ్య జీవితం గడిపినవాడికి ముసుగులు తుడిచే పని అప్పగిస్తే ఎలా ఉంటుంది? లోపల్లోపల కుమిలిపోయేవాడు. లారీ అమ్మేసిన తర్వాత తన అవసరం ఎవరికీ లేదేమోనని ఆయనకు దిగులు. ఆ మాట పైకి అనడానికి మీసం అడ్డొచ్చేది.

ఒకసారి దొంగచాటుగా షెడ్డులోకి దూరాడు కూడా. గొట్టం మూతి బిగుసుకున్నట్టు అనిపించి, దానికి ఇంత కొబ్బరినూనె రాశాడు. నవీన చూసి హడలిపోయింది. అంత ఒత్తిడి ఉన్న గాలికి నూనె తగిలితే మంటలు లేస్తాయనీ, ఇది లారీ టైరు కాదనీ ఆ పూటంతా క్లాసు పీకింది. ఆ రోజు నుంచి షెడ్డు ఆయనకు నిషిద్ధం.

అలాంటిది, అనుకోకుండా ఒక శనివారం ఆయన జాతకం తిరిగింది.

ఐరాల అమ్మాయి పవిత్రకూ పాకాల అబ్బాయి మునిచంద్రకూ ఎల్లుండి కాణిపాకంలో పెళ్లి. పెళ్లికి ముందు సరదాగా రెండు వైపులవాళ్లూ ఆడుకోవాలని తోటను మాట్లాడుకున్నారు. ఆడపెళ్లివారికి పసుపు రంగు, మగపెళ్లివారికి ఆకుపచ్చ. నవీన పొద్దున్నే మగపెళ్లివారి ట్యాంకులు నింపేసి, పసుపు ఉండల డబ్బా తెరిచింది. ఎండకు ఉండలన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుని బెల్లం అచ్చులా కూర్చున్నాయి. కొత్తవి తిరుపతి పార్సిల్ ఆఫీసులో దిగి ఉన్నాయని తెలిసి స్కూటరు వేసుకుని పరిగెత్తింది. ఆడపెళ్లివారి ట్యాంకులు తను తిరిగి వచ్చాక నింపుదామనుకుంది. ఆమె వెనక్కి రాకముందే పెళ్లివారు దిగిపోయారు. మధ్యాహ్నం నలుగు పెట్టే వేడుక ఉందట, తొందరగా కానివ్వమన్నారు.

గత్యంతరం లేక నవీన, తన స్కూటరు కంటే ముందుగా చేరుతుందని ఉండల డబ్బాలను పూతలపట్టు వచ్చే ఆటోలో వేసి పంపి, తండ్రికి ఫోన్ చేసింది.

“నాయనా, మిగిలిన ట్యాంకులు నువ్వే నింపాల. కంప్రెషరు మీటరులో నల్ల అంకెలు ఉండాయి, ఎర్ర అంకెలు ఉండాయి. నల్లవాటి జోలికి పోవద్దు. లోపలి వరస ఎర్రవి సూడు. ముల్లు మూడు వేలు కాడికి రాగానే కట్టెయ్. నిదానంగా ఎక్కించు. ఏమన్నా అనుమానమొస్తే ఫోన్ చెయ్యి.”

ఈ పని సక్రమంగా చేస్తే రేపటి నుంచి గాలి గది ఆయనదేననీ, తేడా వస్తే మాత్రం మళ్లీ ఆ మాట ఎత్తవద్దనీ చెప్పింది. ఏకాంబరం గుండె ఉప్పొంగింది. అనుమానమొస్తే ఫోన్ చేయమన్న ముక్కను మాత్రం ఆయన చెవిన వేసుకోలేదు. ఫోన్ చేశాడంటే చేతకాలేదని ఒప్పుకున్నట్టే కదా.

షెడ్డు తలుపు తీసేసరికి వెనక గాజుల చప్పుడైంది. పెళ్లికూతురి అవ్వ చంద్రకాంతమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెంలో పసుపు ముద్ద, నూనెతో కలిపిన కుంకుమ. పెళ్లి పెట్టుకుని పిల్లలు తుపాకులు పడుతుంటే పూజ చేయకుండా ఎలా అని ఆమె బాధ. ఆయుధం అన్నాక బొట్టు ఉండాలి. ఏకాంబరానికి ఆ మాట నచ్చింది. తోలినన్నాళ్లూ ఆయన లారీ కూడా బొట్టు లేకుండా గేటు దాటింది లేదు.

చంద్రకాంతమ్మ కుంకుమ వేలితో తిన్నగా గొట్టం మూతి దగ్గరికి పోయింది. ఏకాంబరానికి చప్పున నూనె సంగతి గుర్తొచ్చింది. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. తాను ఎంత జాగ్రత్త గలవాడో చూసి మెచ్చుకోవడానికి కూతురు అక్కడ లేకపోయిందే అని కూడా అనుకున్నాడు.

“ఈడొద్దవ్వా. నూనె తగలగూడదు. ఆ అద్దం మీద పెట్టు, నున్నగా ఉండాది.”

ఆ అద్దం మీటరుది.

చంద్రకాంతమ్మ ఐరాలలో పిసినారి అని పేరు పడ్డ మనిషి కాదు. అరచేయంత పసుపు అద్దం నడుమ మెత్తి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ అద్దింది. ఆ తర్వాత ట్యాంకుల వంతు. ఒక్కో ట్యాంకు మెడకీ చొక్కా గుండీ అంత మీటరు ఉంటుంది. ఆమె బొటనవేలు పెడితే మీటరు మొత్తం బొట్టులో మునిగిపోయింది. మగపెళ్లివారి ట్యాంకులకూ భేదం లేకుండా పెట్టి, దణ్ణం పెట్టుకుని తృప్తిగా వెళ్లిపోయింది.

ఏకాంబరం చేతులు దులుపుకుని, మొదటి ట్యాంకు బిగించి, ఎర్ర అంకెల కోసం మీటరులోకి చూశాడు. అక్కడ ఎర్రగా ఉన్నది కుంకుమ ఒక్కటే.

లోపలి వరస మొత్తం పసుపు కిందికి పోయింది. బయటి వరస నల్ల అంకెలు మాత్రం అంచు చుట్టూ కనబడుతున్నాయి. సున్నా, నూరు, రెండు నూర్లు, మూడు నూర్లు, నాలుగు నూర్లు. అంతటితో సరి. మూడు వేలు అన్నది ఎక్కడా లేదు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు. పంచె కొంగు చేతిలోకి తీసుకుని, మళ్లీ వదిలేశాడు. ఎల్లుండి పెళ్లి పెట్టుకుని, పెళ్లికూతురి అవ్వ పెట్టిన బొట్టును తుడిచే మగాడు ఈ సీమలో పుట్టలేదు. తుడిచినట్టు తెలిస్తే ముహూర్తం మార్చినా మారుస్తారు.

అప్పుడే అక్కడికి బాలచంద్ర వచ్చాడు. ఈయన పెళ్లికొడుకు మేనమామ. ఇస్త్రీ నలగని తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి సలహా చెప్పడం ఆయనకు అన్నం తిన్నంత మామూలు. ఏకాంబరం తన చిక్కు బయట పెట్టకుండా, ఏదో లోకాభిరామాయణంలా గాలి కబుర్లు మొదలుపెట్టాడు. మూడు వేల పాయింట్ల గాలి అంటే నమ్మొచ్చునా అని అడిగాడు. బాలచంద్ర పకపకా నవ్వాడు. ఆయన కొత్త కారుకే ముప్పై. మూడు వేలు కొడితే కారు కాణిపాకం దాకా ఎగిరి పోతుందన్నాడు.

ఏకాంబరానికి దారి దొరికినట్టయింది. పాత రోజుల్లో కొన్ని పంక్చరు కొట్లలో మీటరు మీద పన్నెండు అని ఉంటే, పక్కన ఒక సున్నా మనమే వేసుకుని నూట ఇరవై అనుకోవాలి. ఎర్రవైనా నల్లవైనా అంకెలు అంకెలే, ఇదీ అలాంటిదే అయి ఉంటుంది. పిల్ల సున్నాలతో కలిపి చెప్పింది, మీటరులో అన్ని సున్నాలు లేవు. ఇక ఎన్ని సున్నాలు తీసేయాలన్నదే ప్రశ్న. ఒకటి తీస్తే మూడు నూర్లు. ఒకసారి తన లారీ టైరులో నూట ఇరవై దాటితేనే అది మొగిలి ఘాటులో పేలి, వెనక వచ్చే బస్సులోవాళ్లు హడలి చెట్లెక్కారు. మూడు నూర్లంటే ఆయనకు చెమటలు పట్టాయి. రెండు సున్నాలు తీస్తే ముప్పై. అది నిమ్మళంగా, సంసారపక్షంగా ఉంది. పైగా పెళ్లికొడుకు మేనమామే నోరారా ముప్పై అన్నాడు.

ముల్లు సున్నా దాటి చీమ తల అంత కదలగానే ముప్పై అయిపోయింది. ట్యాంకులన్నీ నింపడం క్షణాల్లో ముగిసింది. నవీన ఒక్కో ట్యాంకుకూ అంతంత సేపు ఏం చేస్తుందో, ఈ కాలం పిల్లలకు పనిలో చురుకు లేదని బాలచంద్రతో చెప్పి మీసం దువ్వుకున్నాడు.

ఆటోలో ఉండలు వచ్చాయి. ఆట మొదలైంది.

పవిత్ర నెమ్మదిగా టైర్ల వెనక నక్కి, కాబోయే మొగుడు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టింది. మునిచంద్ర డ్రమ్ము పక్క నుంచి తల బయట పెట్టగానే గురి చూసి మీట నొక్కింది. తుపాకీ ముసలాయన దగ్గినట్టు ‘ఫుస్’ అంది. గొట్టంలోంచి పసుపు ఉండ ఒకటి బద్ధకంగా దొర్లి వచ్చి, ఆమె చెప్పు మీదే పడింది. మళ్లీ నొక్కింది. రెండోది మొదటిదాని పక్కన పడింది. మునిచంద్ర జాలిగా ఒక నిమిషం చూసి, తర్వాత ఆట ఆటే కదా అని ఆమె భుజం మీద ఆకుపచ్చ ఉండ ఫటేలుమని పేల్చాడు.

ఆడపెళ్లివారందరిదీ అదే గతి. ఆ మూల మునిచంద్రకు కాబోయే బావమరిది ఒకడు విసుగెత్తి, ఉండలు చేత్తోనే విసరడం మొదలుపెట్టాడు. మగపెళ్లివారు మాత్రం టపటపా కొడుతున్నారు. చూస్తుండగానే ఐరాల వైపు మొత్తం కరివేపాకు మళ్లలా తయారైంది. గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తున్న బాలచంద్ర కడుపు పట్టుకుని నవ్వి, ఆడపెళ్లివారు ఆ మాత్రం తగ్గి ఉంటేనే అందం అన్నాడు.

ఆ మాటతో తోట వేడెక్కింది. పవిత్ర ముసుగు తీసి టైరు మీద కూర్చుని, ఇక ఆడనంది. ఆమె ముఖం చూస్తే ఆడనన్నది ఆట వరకేనా, ఎల్లుండి సంగతి కూడానా అన్నది అర్థం కాలేదు. మునిచంద్ర ముఖం పాలిపోయింది. చంద్రకాంతమ్మ కొంగు బిగించి నేరుగా ఏకాంబరం ముందుకు వచ్చింది.

“ఏమప్పా, మగపెళ్లోళ్లకు మర్యాద చెయ్యాలంటే చెయ్యి. గాలి కాడ గూడా మాకు తక్కువ పెడ్తావా?”

అందరి కళ్లూ ఏకాంబరం మీద పడ్డాయి. దీని నుంచి తప్పించుకోవడానికి ఒక్క మాట చాలు. నువ్వు పెట్టిన బొట్టు వల్లే అవ్వా అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా నిలబడ్డ చంద్రకాంతమ్మ వేళ్లకు ఇంకా ఆ పసుపు అంటుకునే ఉంది. ముసలామె పిల్ల మేలు కోరి పెట్టింది, చోటు చూపించింది మాత్రం తనే. ఏకాంబరానికి జన్మలో లేనంత సిగ్గేసింది.

“తప్పు నాదేనమ్మా. నాకు లెక్క తెలీలేదు. తెలీదని ఒకర్ని అడగలేదు గూడా” అన్నాడు.

గాలి విషయంలో ఆయన నోట తెలియదన్న మాట రావడం అదే మొదటిసారి. బాలచంద్ర ఒప్పుకోలేదు. ముప్పై అన్నది తన మాట కూడా కాబట్టి, అది తప్పంటే తన పరువూ పోయినట్టే. కారు డిక్కీలోంచి కాలితో తొక్కే పంపు తెచ్చి, దాని మీటరు అందరి ముక్కు కిందా పెట్టాడు. ఇదిగో ముప్పై, ఈ గాలే కారులో నలుగురు మనుషుల్నీ సామాన్నీ మోస్తున్నప్పుడు గోళీకాయంత ఉండను తోయలేదా అని వాదించాడు.

ఏకాంబరం ఆ మీటరు చూశాడు. దానికీ రెండు వరసలు ఉన్నాయి. బయట పెద్ద అంకెలు, లోపల చిన్నవి. జన్మంతా అలాంటి మీటర్లు చూస్తూనే ఉన్నాడు గానీ, పెద్ద అంకె చదివి ఊరుకోవడం తప్ప ఆ చిన్న వరస దేనికో ఎన్నడూ పట్టించుకోలేదు. ముప్పైకి ఎదురుగా లోపల రెండు ఉంది. రెండు మీద వెంట్రుక వాసి ఎక్కువ.

“ఈ రెండేందమ్మా?” అని పవిత్రను అడిగాడు. అడగడం ఒకసారి మొదలుపెట్టాక అంత కష్టంగా లేదు.

పవిత్ర అలక పక్కన పెట్టి వంగి చదివింది. “కేజీలు పెద్దాయనా. గోరంత చోటు మీద గాలి ఎన్ని కేజీల బరువుతో నొక్కుతాదో అది. బయటివి, మీరు పాయింట్లనేవి, పౌండ్ల లెక్క, అంగుళం చోటు మీద. ఉండేది ఒకటే గాలి, తూచేదే రెండు రకాలు.”

కేజీలు అనేసరికి ఏకాంబరం చెవులు నిక్కబొడుచుకున్నాయి. కేజీల భాష ఆయనకు తెలుసు. కాటాల మీద బతికినవాడు. బొటనవేలి గోరు కళ్ల ముందు పెట్టుకుని లెక్క వేశాడు. ముప్పై పాయింట్లంటే ఈ గోరు మీద రెండు కేజీలు. మూడు నూర్ల పాయింట్లంటే ఇరవై కేజీలు. మూడు వేలంటే రెండు నూర్లు. రెండు క్వింటాళ్లు. ఈ గోరు మీద రెండు క్వింటాళ్ల కాయలు. ఆయన అప్రయత్నంగా గోరు వెనక్కి లాక్కున్నాడు.

మరి కంప్రెషరు మీటరులో నల్ల అంకెలు నాలుగు నూర్ల దాకానే ఉన్నాయంటే అవి కేజీల వరస. బొట్టు కింద దాక్కున్న ఎర్రవి పాయింట్ల వరస. కూతురు చెప్పిన మూడు వేలు ఎర్రది, దానికి ఎదురుగా నల్ల వరసలో ఉండాల్సింది రెండు నూర్లు. తను ఆపింది నల్ల ముప్పై దగ్గర. మగపెళ్లివారి తుపాకులకు గోరు మీద రెండు క్వింటాళ్ల తోపు, ఆడపెళ్లివారికి ఒక గంప కాయల తోపు. చంద్రకాంతమ్మ అన్నది అక్షరాలా నిజం. మర్యాదలో ఇంత తేడా ఏ పెళ్లిలోనూ జరిగి ఉండదు.

ఆయన పవిత్ర ట్యాంకు విప్పుకుని షెడ్డులోకి నడిచాడు. గొట్టం మూతి శుభ్రంగా ఉందని చూసుకుని, బిగించి, వాల్వు కొద్దికొద్దిగా తిప్పాడు. ముల్లు నింపాదిగా లేస్తోంది. చేతి కింద ట్యాంకు గోరువెచ్చగా అవుతోంది. తొందరపడితే వేడెక్కి, చల్లారాక లెక్క తగ్గుతుందని కూతురు ఎవరికో చెబుతుండగా గేటు దగ్గర నుంచి విన్నాడు. ఆమె ఒక్కో ట్యాంకుకూ అంత సేపు ఎందుకు తీసుకునేదో ఇప్పుడు తెలిసివచ్చింది.

ముల్లు నూట యాభై దాటుతుండగా గుమ్మం దగ్గర నీడ పడింది. నవీన. హెల్మెట్ ఇంకా తీయలేదు. బయట జరిగిందంతా ఆమెకు ఎవరో చెప్పేసినట్టు ముఖమే చెబుతోంది. మీటరు మీది బొట్టు చూసింది. చేతిలోకి గుడ్డ తీసుకుంది. ఏకాంబరం తల అడ్డంగా ఊపాడు.

“ఎల్లుండి దాకా ఉండనీమ్మా. పెద్దామె మనసు కష్టపెట్టుకుంటాది.”

నవీన గుడ్డ కింద పెట్టింది. “మరి ఎంతకాడ ఆపుతావు నాయనా?”

“రెండు నూర్లు.”

“నేను చెప్పింది మూడు వేలు.”

“నువ్వు చెప్పింది పౌండ్లు. ఇది కేజీలు. గోరు మీద రెండు క్వింటాళ్లు” అని బొటనవేలు ఎత్తి చూపించాడు.

కూతురు ఆ బొటనవేలి వంక చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. కేజీలని కాదు, దాన్ని బార్ అంటారనీ, రెండింటికీ కొంచెమే తేడా అనీ చెప్పింది. ఆ కొంచెం తేడాకు భయపడి రెండు నూర్ల దగ్గరే ఆపేస్తానన్నాడు ఆయన. ముల్లు రెండు నూర్లకు చేరగానే వాల్వు కట్టేశాడు. నవీన నిండిన ట్యాంకు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

తలుపు దగ్గర ఎవరూ లేరు. ఏకాంబరం రెండో ట్యాంకు బిగించాడు. ఇన్నాళ్లూ ఎవరూ చూడకుండా ఈ గదిలో నిలబడాలని కోరుకున్నవాడు, నిజంగా ఎవరూ చూడకపోయేసరికి గుమ్మం వైపు రెండుసార్లు తిరిగి చూశాడు. గోరు మీద రెండు క్వింటాళ్లు. ముల్లు లేచింది, ఇంకా లేచింది, రెండు నూర్ల గీత మీదికి వచ్చి నిలబడింది. వాల్వు కట్టేశాడు. మళ్లీ కళ్లజోడు తుడుచుకుని చూశాడు.

బయట ఫటేలుమన్న చప్పుడు, వెంటనే బాలచంద్ర గావుకేక వినిపించాయి. పవిత్ర తుపాకీ పనిచేసింది. గట్టు మీద కూర్చున్న మేనమామగారి తెల్ల పంచె మీద, సరిగ్గా పొట్ట కింద, పసుపు పువ్వు పూసింది. ఎల్లుండి పెట్టాల్సిన పసుపు ఇప్పుడే పెట్టేశానని పవిత్ర అంటోంది. చంద్రకాంతమ్మ చప్పట్లు కొడుతోంది. మునిచంద్ర అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. అతని ప్రాణం లేచొచ్చినట్టు ఆ నవ్వులోనే తెలుస్తోంది.

ఏకాంబరం తల బయటికి పెట్టాడు. “నవీనా, ఒక్కసారి వచ్చి ఈ ముల్లు సూసి పోమ్మా. సరిగ్గా ఉండాదో లేదో.”

ఆమె చెట్టు కింద పిల్లల ముసుగులు సరిచేస్తోంది. లేవలేదు, ఇటు తిరగనూ లేదు.

“నువ్వు సూసినావు కదా నాయనా. ఇంగ నేనెందుకు?”

ఏకాంబరం తల లోపలికి తీసుకున్నాడు. పంచె కొంగుతో కళ్లు ఒత్తుకుని, మూడో ట్యాంకు అందుకున్నాడు.